కొత్త ల్యాప్‌టాప్ కోసం ఆగుతున్నారా? ఈలోపు పాస్‌వర్డ్‌లు సర్దుకోండి, ఇలా

ఒక 19వ తేదీ సాయంత్రం నా ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. నల్లగొండలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసి పెట్టడం నా పని. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఇంకా పదకొండు మందివి మిగిలి ఉన్నాయి. వాళ్ల పాస్‌వర్డ్‌లన్నీ ఆ డిస్క్‌లోనే, బ్రౌజర్‌లో సేవ్ చేసి ఉన్నాయి. వాటి కాపీ ఆన్‌లైన్‌లో కూడా ఉంచే సింక్ ఆన్ చేయమని బ్రౌజర్ ఎన్నిసార్లు అడిగినా ‘తర్వాత’ అని నొక్కింది నేనే.

అప్పుడే మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు గుమాస్తా ఫోన్: “సార్, లారీ గేటు కాడనే ఉన్నది. ఈ-వే బిల్లు ఎప్పుడిస్తరు?” 25 కిలోల బియ్యం సంచుల లోడు అది, ఆ బిల్లు లేకుండా లారీ కదలకూడదు. ఇంకో మిషన్ మీద కూర్చుని ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే ఓటీపీ ఎక్కడికో పోయింది. ఆరా తీస్తే, రెండేళ్ల కింద పని మానేసిన పాత గుమాస్తా నంబర్ ఇంకా అందులో ఉంది. ఆయన ఏదో పెళ్లిలో ఉన్నాడు. దొరికి, ఓటీపీ చెప్పేసరికి రాత్రి తొమ్మిదిన్నర. లారీ డ్రైవర్ నన్ను ఏమని తిట్టుకున్నాడో గుమాస్తా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అంతకుముందు ఏడాదంతా నేను చేసిన పని ఒకటే. కొత్త ల్యాప్‌టాప్ ఏది కొనాలి, ఇప్పుడు కొనాలా, దసరా దాకా ఆగాలా అని వీడియోలు చూడడం. ‘కొత్తది వచ్చాక పాస్‌వర్డ్‌లు కూడా ఒక పద్ధతిలో పెట్టుకుందాం’ అనుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది. ఈ రెండు పనుల్లో పాస్‌వర్డ్‌లది ముందు చేయాలి. అవి మిషన్ నుంచి బయటపడితే, ల్యాప్‌టాప్ ఎప్పుడు కొన్నా, రేపే పాడైనా టెన్షన్ ఉండదు. మీరు కూడా కొత్తదాని కోసం ఆగుతూ ఉంటే, ఆ ఆగే రోజుల్లో ఏం చేయాలో వరుసగా చెప్తాను.

ముందు పాత మిషన్ సంగతి చూడండి

కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్లండి. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి రెండు గీతలు చూడండి, డిస్క్, మెమరీ. మెమరీ సగమే వాడుతూ డిస్క్ మాత్రం నూటికి నూరు కొడుతుంటే, ప్రాసెసర్ పాతబడిందని దిగులు పడక్కర్లేదు. పాత తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయిస్తే అదే మిషన్ లేచి నిలబడుతుంది. నాది అలాగే లేచింది. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెరుచుకోని మిషన్, ఇప్పుడు చాయ్ గ్లాసు అందుకునేలోపు సిద్ధంగా ఉంటుంది.

వేయించే ముందు ఒక్కటి చూసుకోండి. పాత మిషన్లలో రెండున్నర అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. కాస్త తర్వాతివాటిలో ఎం.2 అనే సన్న పట్టీ లాంటిది పట్టే స్లాట్ కూడా ఉండొచ్చు. మోడల్ నంబర్ షాపులో చెప్తే ఏది పడుతుందో వాళ్లు చెప్తారు. ర్యామ్, అంటే ఇందాకటి మెమరీ, విషయంలో కూడా టాస్క్ మేనేజర్‌లోనే స్లాట్లు ఎన్ని, నిండినవి ఎన్ని అని కనిపిస్తుంది. పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, అది పెంచలేం. ర్యామ్‌లోనూ తరాలున్నాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు.

ఇక విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించారు. ఆ తేదీ దాటాక విండోస్ 10 మీద బ్యాంకు పనులు, పన్నుల పనులు చేయడం నేనైతే ఒప్పుకోను. మీ మిషన్ విండోస్ 11కి ఎక్కుతుందో లేదో ప్రాసెసర్ పేరులోనే తెలిసిపోతుంది. ఇంటెల్ ఐ5-7200యూ అని ఉందనుకోండి, గీత తర్వాత మొదటి అంకె 7, అంటే ఏడో తరం. 8250యూ అయితే ఎనిమిదో తరం. 1135జీ7 అయితే మొదటి రెండంకెలు కలిపి చదవాలి, పదకొండో తరం. ఒకటీ అరా మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా అర్హత ఉంది. నాది ఏడో తరం. ఒక్క అంకెలో పోయింది.

ఆగాలా, కొనాలా

ఏడో తరమో, ఇంకా పాతదో అయితే ఆ తేదీ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. లినక్స్ వేసుకుని నడిపేవాళ్లూ ఉన్నారు. రోజంతా బ్రౌజర్‌లోనే పని చేసేవాళ్లకి అది బాగానే సరిపోతుంది. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ డాంగిల్‌తో పని ఉన్న నాలాంటివాళ్లకి మాత్రం విండోసే సుఖం. ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండి, ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే, అది పాడయ్యేదాకా వాడుకోండి.

ఇంకో నెలలో కొత్త చిప్ వస్తోందట, అది వచ్చాక కొందాం అని ఆగడానికి అంతు లేదు. జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో సీఈఎస్ ప్రదర్శన జరుగుతుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ కొత్తవాటిని ఎక్కువగా అక్కడే చూపిస్తాయి. ఆ చిప్పు ఉన్న మిషన్ మన బడ్జెట్‌లోకి దిగి షాపులోకి వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పడుతుంది. అప్పటికి దాని తర్వాతి దాని గురించి మాట్లాడుతుంటారు. రిటర్నులు, ఎక్సెల్, జూమ్ క్లాసులు, పిల్లల ప్రాజెక్టులు, వీటికి నిరుటి చిప్ ఎక్కువే.

ఆగితే ధర తగ్గుతుంది అన్న పాత మాట కూడా ఈసారి పని చేయడం లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మనం ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కొనుక్కునే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు దాని యజమాని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి ర్యామ్ పెంచుకోవాలని ఉంటే దానికోసం ఆగకండి. కొత్తది కొనేటప్పుడు కూడా ‘8 జీబీ చాలు, తర్వాత పెంచుకుందాం’ అనే లెక్క రెండుసార్లు ఆలోచించండి.

వ్యాపారం ఉన్నవాళ్లకి నా వృత్తి నుంచి రెండు మాటలు. ల్యాప్‌టాప్ మీద 18 శాతం జీఎస్టీ. మీకు రిజిస్ట్రేషన్ ఉండి వ్యాపారానికే వాడుతుంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించుకోండి, ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఇది లేదు. బిల్లు కొట్టాక ‘ఇప్పుడు నంబర్ వేయండి’ అంటే షాపువాడు మొహం చిట్లిస్తాడు. ఆన్‌లైన్‌లో అయితే ఆర్డర్ చేసే ముందే ఎక్కించాలి. రెండోది తరుగుదల, అంటే వస్తువు పాతబడే కొద్దీ ఆదాయంలోంచి ఖర్చుగా తీసేసుకునే మొత్తం. లెక్కలు రాసేవాళ్లకి కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల ఉంది, కానీ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేసుకోండి, అక్టోబర్ మొదటి మూడు రోజులు దాటాక కొంటే ఆ ఏడాదికి 20 శాతమే. దసరా అక్టోబర్ మధ్యలో పడిన ఏడాది, సేల్‌లో మిగిలే డబ్బుకి ఇది అడ్డం వస్తుంది. పండగకి ముందు మొదలయ్యే సేల్‌లోనే తీసుకోవడం మేలు.

ఎక్కడ కొనాలి అంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వెళ్తే వరుసగా షాపులే, రకాలు ఎక్కువ, బేరం ఆడొచ్చు. కానీ మూత కీలు విరిగితే, చార్జింగ్ పిన్ వదులైతే మళ్లీ ఎంజీబీఎస్ బస్సు ఎక్కాలి. ధరలో తేడా వెయ్యి, రెండు వేలే అయితే నేను మన ఊరి షాపులోనే కొంటాను.

పాస్‌వర్డ్ మేనేజర్: ఒక్క ప్రశ్నతో ఎంచుకోండి

ఇప్పుడు అసలు పని. పాస్‌వర్డ్ మేనేజర్ అంటే మీ పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసిన ఒక పెట్టెలో పెట్టి, ఒక్క పెద్ద పాస్‌వర్డ్‌తో తెరిచే ఏర్పాటు. ఏ సైటుకి ఆ సైటుకి వేరే వేరే పాస్‌వర్డ్ అదే తయారు చేస్తుంది, అదే గుర్తు పెట్టుకుంటుంది. వీటిలో ఏది మంచిది అని అడిగితే వంద పట్టికలు దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టి మీరు ఒక్క ప్రశ్న అడగండి. రేపు బస్సులో నా ఫోన్ పోయి, అదే రోజు ల్యాప్‌టాప్ కూడా పాడైతే, నేను మళ్లీ ఎలా లోపలికి వెళ్తాను?

దీనికి జవాబు సూటిగా వచ్చేదే మీకు తగిన మేనేజర్.

గూగుల్‌ది తీసుకుందాం. క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందే ఉంటుంది, పైసా ఖర్చు లేదు. నోటు పుస్తకం కంటే, అన్నిటికీ పిల్లల పేరు పక్కన పుట్టిన సంవత్సరం పెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ పెట్టె తాళం, మీ మెయిల్ తాళం ఒకటే అవుతాయి. ఆ అకౌంట్ పోయిందా, అన్నీ పోయాయి. పైగా షాపులో ఒకే ల్యాప్‌టాప్ మీద నలుగురు కూర్చునే చోట, క్రోమ్ తెరిచి ఉంటే ఎవరైనా మీ పేరుతో లాగిన్ అయిపోతారు. ఒక్కరే వాడుకునే ఫోన్, ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్ అయితే ఇది చాలు. ఆపిల్ వాళ్లది కూడా ఇదే తీరు. 2024 నుంచి దానికి పాస్‌వర్డ్స్ అని విడిగా యాప్ ఇచ్చారు.

బిట్‌వార్డెన్ రెండో రకం. ఫోన్, ల్యాప్‌టాప్, ఏ బ్రౌజర్ అయినా నడుస్తుంది. ఉచిత ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు. దాని కోడ్ అందరికీ కనిపించేలా ఉంటుంది. స్విట్జర్లాండ్ వాళ్ల ప్రోటాన్ పాస్ కూడా ఇలాంటిదే, దానికీ ఉచిత ప్లాన్ ఉంది. నేను ఇప్పుడు వాడుతున్నది బిట్‌వార్డెన్. మనలో చాలామందికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే మనం ఇందాక అడిగిన ప్రశ్న దీన్ని అడిగితే ఒక చిక్కు బయటపడుతుంది. రెండంచెల రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోనివాళ్లు కొత్త మిషన్ మీద లాగిన్ అయితే అది మెయిల్‌కి ఒక కోడ్ పంపుతుంది. మెయిల్ తెరవాలంటే మెయిల్ పాస్‌వర్డ్ కావాలి. అది ఎక్కడుంది? బిట్‌వార్డెన్ లోపల. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు బయటి నుంచి వేసుకున్నట్టే. అందుకే మెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటి మాత్రం కాగితం మీద కూడా ఉండాలి. కాగితం సంగతి కింద చెప్తాను.

కీపాస్ మూడో రకం. ఇక్కడ కంపెనీ లేదు, సర్వర్ లేదు. మీ పాస్‌వర్డ్‌లన్నీ ఒక్క ఫైల్‌లో ఉంటాయి, ఆ ఫైల్ మీ దగ్గరే ఉంటుంది. కంప్యూటర్‌లో కీపాస్‌ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ వేసుకుంటే అదే ఫైల్ రెండిట్లో తెరుచుకుంటుంది. దేవరకొండ అవతల తండాల్లో సిగ్నల్ ఉండీ లేనట్టుండే చోట కూడా దీనికి నెట్‌తో పని లేదు. కానీ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే బాధ్యత పూర్తిగా మీదే. ఫోన్‌లో మార్చింది ల్యాప్‌టాప్‌లోకి మీరే చేర్చాలి. క్రమశిక్షణ ఉన్నవాళ్లకి ఇంతకంటే గట్టిది లేదు. నాకు అంత లేదు.

డబ్బు కట్టేవాటిలో వన్‌పాస్‌వర్డ్ పేరున్నది. ఉచిత ప్లాన్ లేదు, కొన్నాళ్లు చూసుకోనిస్తారు అంతే. మీ పాస్‌వర్డ్‌కి తోడు ఒక పొడవాటి సీక్రెట్ కీ కూడా ఇస్తుంది, కొత్త మిషన్ మీద రెండూ ఉండాలి. కుటుంబంలో నలుగురైదుగురికి కలిపి కావాలంటే ఆలోచించొచ్చు.

ఇలాంటివి హ్యాక్ కావా అని అడుగుతారు. అయ్యాయి. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ వాడకందారుల పెట్టెల బ్యాకప్ కాపీలను దొంగలు ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డ్‌లు గుప్తంగానే ఉన్నా, ఏయే సైట్లు వాడుతున్నారో ఆ అడ్రసులు మాత్రం మామూలుగానే చదవగలిగేలా ఉన్నాయి. పెట్టె దొంగ చేతిలో ఉన్నప్పుడు వాడిని ఆపేది మీ పెద్ద పాస్‌వర్డ్ బలం ఒక్కటే. ఇంకో రకం దెబ్బ కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకునే సౌకర్యం 2025 ఆగస్టుతో తీసేశారు. దొంగలు రాలేదు, కంపెనీయే మనసు మార్చుకుంది. ఏది ఎంచుకున్నా మీ పాస్‌వర్డ్‌లన్నీ బయటికి తీసుకోనిచ్చే ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి.

ఆ ఒక్క పెద్ద పాస్‌వర్డ్

ఇక్కడ తొందరపడకండి. సంబంధం లేని ఐదారు మాటలు కలిపి పెట్టుకోవడం మంచి పద్ధతి. సామెత వద్దు, సినిమా డైలాగు వద్దు, పాట పల్లవి అసలే వద్దు. మీకు వెంటనే గుర్తొచ్చేది ఇంకొకరికీ గుర్తొస్తుంది. మాటలు మీరు ఎంచకూడదు, పాచిక ఎంచాలి. డైస్‌వేర్ అనే పద్ధతి 1995 నుంచి ఉంది. అందులో 7776 మాటల పట్టిక ఉంటుంది, పాచిక ఐదుసార్లు వేస్తే ఒక మాట వస్తుంది. పిల్లల వైకుంఠపాళి డబ్బాలో పాచిక దొరుకుతుంది. అంత ఓపిక లేకపోతే బిట్‌వార్డెన్‌లోనే మాటలతో పాస్‌వర్డ్ తయారు చేసే సాధనం ఉంది, ఆరు మాటలు అడగండి.

ఆ పట్టికలు ఇంగ్లీషువి. మా ఆవిడ తెలుగు మాటలు కావాలంది. చిట్టీల మీద రెండు వందల మాటలు రాసి, మడిచి, గంపలో వేసి ఆరు తీసింది. చిన్న పట్టిక కాబట్టి బలం బాగా తగ్గుతుంది, నాలుగు చిట్టీలు ఎక్కువ తీయమన్నాను. పది వచ్చాయి. ‘తాటిముంజ, రిక్షా, పొరక, మేనత్త…’ ఈ తీరుగా. అసలువి ఇవి కావు లెండి. మూడో రోజుకే పెట్టె తెరుచుకోలేదు. ఎందుకంటే టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ‘తాటి’ అనే మాటను మొదటిరోజు ‘టీ’ అక్షరం పక్కన ‘హెచ్’ వేసి రాసింది, తర్వాత ‘హెచ్’ లేకుండా కొడుతోంది. తెలుగు మాటలు పెట్టుకుంటే స్పెల్లింగ్ సహా కాగితం మీద రాయండి. తెలుగు లిపిలో పెట్టుకుందాం అనుకోకండి, కొత్త మిషన్‌లో తెలుగు కీబోర్డు ఉండదు.

అవును, కాగితం మీద రాయమనే చెప్తున్నాను. ఒకప్పుడు రాయొద్దనేవారు. మీ ఇంట్లో బీరువా దాకా వచ్చే దొంగ నగలు చూస్తాడు, కాగితం చూడడు. నెట్‌లో దొంగ మీ బీరువా దాకా రాలేడు. పెద్ద పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్, రెండంచెల రక్షణకి ఇచ్చే బ్యాకప్ కోడ్లు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి, పట్టాదారు పాస్‌బుక్ ఎక్కడ దాస్తారో అక్కడే దాయండి. ఇంకో కాపీ వేరే ఇంట్లో, అమ్మ దగ్గరో, అన్న దగ్గరో అంటించిన కవరులో ఉంచండి. ఇంట్లో ఇంకొకరికి ఆ కవరు సంగతి తెలిసి ఉండాలి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఆ కాగితం మీదకి, మేనేజర్‌లోకి ఎక్కించకండి.

నెలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత సలహా మర్చిపోండి. ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే ఆ పద్ధతి వద్దంది. లీకైందని తెలిస్తేనే మార్చాలి. మీ మెయిల్ అడ్రస్ ఏదైనా లీకులో ఉందేమో ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటులో చూసుకోవచ్చు, ట్రాయ్ హంట్ అనే ఆయన 2013 నుంచి నడుపుతున్నారు.

మార్చే పని, రోజుకి మూడు

అన్నీ ఒకే ఆదివారం మార్చేద్దాం అని కూర్చుంటే పదో అకౌంట్ దగ్గర విసుగొస్తుంది. రోజుకి మూడు చాలు. మొదట మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత పన్నుల సైట్లు. ఈ-వే బిల్లు సైటుకి జీఎస్టీ సైటుకి వేరే వేరే లాగిన్లు అని మర్చిపోకండి. షాపింగ్ సైట్లు, కరెంటు బిల్లు వగైరా ఆఖరున.

ప్రతి అకౌంట్ దగ్గర పాస్‌వర్డ్‌తో పాటు ఇంకొకటి చూడండి, అందులో ఏ ఫోన్ నంబర్, ఏ మెయిల్ ఉన్నాయో. నా లారీ కథ ఇక్కడే జరిగింది. రీచార్జ్ చేయక ఆగిపోయిన నంబర్ కొన్నాళ్లకి వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, మీ ఓటీపీలు ఆ తెలియని మనిషికి పోతాయి. మన దగ్గర ఇంకో జబ్బు ఉంది. ఈఏపీసెట్‌కో, టీజీపీఎస్సీ వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌కో, స్కాలర్‌షిప్‌కో ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్తే, పిల్లలకి మెయిల్ లేదని సెంటర్ వాళ్లే ఒకటి తయారు చేసి, తమ నంబర్ ఇచ్చి పని కానిచ్చేస్తారు. చెడు ఉద్దేశంతో కాదు, బయట వరుసలో ఇరవై మంది ఉంటారు. కానీ హాల్ టికెట్ కావలసిన రోజు ఆ సెంటర్ మూసి ఉంటుంది. మీ ఇంట్లో డిగ్రీ, ఇంటర్ పిల్లలుంటే ఈ వారమే వాళ్లవి తెరిచి సొంత నంబర్, సొంత మెయిల్ పెట్టించండి.

బ్రౌజర్‌లో ఇప్పటికే సేవ్ అయినవి ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త మేనేజర్‌లోకి ఒక్కసారే ఎక్కించొచ్చు. అప్పుడు వచ్చే సీఎస్‌వీ ఫైల్ మామూలు ఎక్సెల్ షీట్ లాంటిది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎక్కించగానే దాన్ని డౌన్‌లోడ్స్‌లోంచి, తర్వాత రీసైకిల్ బిన్‌లోంచి తీసేయండి. ఫోన్‌లోకి పంపుకుందామని వాట్సాప్‌లో మాత్రం వేయకండి. నా దగ్గరికి వచ్చే ఒకాయన అలాగే పంపబోయి చుట్టాల గ్రూపులో వేశాడు. ఆ తర్వాత బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగేది ఆపేయండి, లేకపోతే సగం ఇక్కడ, సగం అక్కడ అయిపోతాయి.

పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో, వేలిముద్రతో లోపలికి పోనిచ్చే పాస్‌కీ పెట్టుకోండి అని కొన్ని సైట్లు అడుగుతుంటాయి. మంచిదే, దొంగ సైటు మిమ్మల్ని మోసం చేయలేదు. కాకపోతే అది ఎక్కడ సేవ్ అవుతోందో చూడండి. పాత ల్యాప్‌టాప్ లోపలే సేవ్ అయితే దానితోనే పోతుంది. మేనేజర్‌లో సేవ్ చేయమని చెప్పండి.

అన్నీ అయ్యాక ఒకసారి రిహార్సల్ చేయండి. మీ ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ బీరువాలో పెట్టేసి, ఇంట్లోవాళ్ల ఫోన్ తీసుకుని, కాగితం కవరు ఒక్కటే చేతిలో పెట్టుకుని మీ పెట్టె తెరవడానికి ప్రయత్నించండి. నేను మొదటిసారి చేసినప్పుడు మెయిల్ దగ్గరే ఆగిపోయాను, బ్యాకప్ కోడ్లు రాయడం మర్చిపోయాను. నెట్ సెంటర్ కంప్యూటర్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

కొత్తది వచ్చిన రోజు

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్లు అయ్యాక మొదట వేయాల్సింది పాస్‌వర్డ్ మేనేజర్. అది తెరుచుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. విండోస్ 11 కొత్త మిషన్లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే, డిస్క్ మొత్తానికి తాళం పడిపోతుంది. మీరు అడగకపోయినా. ఎప్పుడైనా బోర్డు రిపేర్ చేయించినా, మిషన్‌ను లేపే బయోస్ సాఫ్ట్‌వేర్ మార్చినా అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మొదటి రోజే చూసి మీ మేనేజర్‌లో కాపీ చేసుకోండి, రిపేర్ షాపు బల్ల ముందు నిలబడి వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

పాతదాన్ని రెండు వారాలు అలాగే ఉంచండి. ఏదో ఒక ఫైల్, ఏదో ఒక డాంగిల్ డ్రైవర్ మర్చిపోయి ఉంటారు. 11వ తేదీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20వ తేదీ 3బీ, రెండూ కొత్తదాని మీద గడిచాకే పాతది వదలాలన్నది నా లెక్క. ఆ తర్వాత అన్ని అకౌంట్లలో ఆ పరికరాన్ని సైన్ అవుట్ చేసి, విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి రీసెట్ చేయండి. ఫైళ్లన్నీ తీసేయమని, డ్రైవ్ కూడా శుభ్రం చేయమని చెప్పే ఎంపికలు పెట్టండి. అప్పుడు మేనల్లుడికి ఇవ్వొచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముందు అది తీయించండి.

ఇక చచ్చిపోయిన హార్డ్ డిస్క్. మిషన్ ఆన్ కాకపోతే రీసెట్ కుదరదు, కానీ లోపలి పళ్లెం మీద మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. పాత ఇనుప సామాన్ల బండికి కిలో లెక్కన వేసేయకండి. నాది వేయలేదు. స్క్రూలు విప్పి లోపలి అద్దంలా మెరిసే పళ్లెం బయటికి తీశాను, మా అబ్బాయి దాన్ని గీతలు పడేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు. అప్పుడు కానీ అది బండి ఎక్కలేదు.